సాళువ గుట్ట మీద జువ్వి కొమ్మ

వరంగల్ పట్టణం గిర్మాజీపేటలో కాపురముండిన కీర్తిశేషులు ఆడెపు వెంకటరాజం గారి పెద్ద కుమారుడను, పద్మశాలి కులస్థుడను, ఫొటోగ్రాఫరు వృత్తి చేసుకు బతికినవాడను, అరవై రెండేండ్ల వయసు గల ఆడెపు సిద్దిరాములు అను నేను, ఎవరి బలవంతమూ బోధా లేకుండా, బుద్ధి నిలకడగా ఉన్న సమయంలో, నా చేతితో నేనే రాసి పెట్టిన వీలునామా ఏమనగా:

దవాఖానలో డాక్టరు నా గుండె బలహీనపడిందని చెప్పాడు. బుద్ధి సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రాళ్ల మధ్య గుడ్డ కప్పుకుని గద్దల కోసం ముప్పై ఏండ్లు కూర్చున్నవాడికి బుద్ధి ఉందా అని నా తమ్ముడు రాజలింగు కచేరిలో ప్రశ్నించే అవకాశం ఉంది. వాడికి ముందే జవాబు రాస్తున్నాను. ఇవాళ గురువారం. పొద్దున జొన్నరొట్టె తిన్నాను. వాడు మా నాయన మగ్గాన్ని నాకు చెప్పకుండా ఎవరికి అమ్మాడో, ఆ రోజు ఏ రంగు తలపాగా చుట్టుకున్నాడో నాకు ఇప్పటికీ గుర్తుంది. బుద్ధికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

1. ఇంతకు ముందు నేను రాసిన కాగితాలు, ఆడిన మాటలు ఏవీ ఇకమీద చెల్లవు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా మిత్రుడు, వకీలు కిషన్ రావు గారిది. కచేరికి ఉర్దూ నకలు కావాలంటే ఆయన రాయించుకోవచ్చు. నా వాళ్ల ముందు మాత్రం ఈ తెలుగులోనే, మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా చదవాలి. అయిదో అంశం దగ్గర ఆయన గొంతు సవరించుకుని రెండు పేరాలు దాటేస్తాడని నా అనుమానం. ఆయన మంచివాడు, నా పేరు చెడకూడదని చూస్తాడు. దాటేయవద్దని మనవి.

2. గిర్మాజీపేటలో నేనుంటున్న ఇంటిని, వెనక బావితో సహా, నా తమ్ముడు ఆడెపు రాజలింగుకు సర్వ హక్కులతో రాసిస్తున్నాను. మగ్గం అమ్మిన కోపం పోయిందని కాదు. ఆ మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చునే నేను ఓపిక నేర్చుకున్నాను. నూలు తెగితే ముడి వేయడం, మళ్లీ తెగితే మళ్లీ వేయడం, పొద్దు ఎటు తిరిగిందో తెలియకుండా కూర్చోవడం. వాడు కట్టెలు అమ్మాననుకున్నాడు. అయినా తోడబుట్టినవాడు. చిన్నప్పుడు నాకు మశూచికం వస్తే, దగ్గరికి పోవద్దని అమ్మ ఎంత కొట్టినా వినకుండా కిటికీ కింద కూర్చుని గవ్వలాడినవాడు.

కానీ ఒక షరతు. నాలుగో అంశంలో చెప్పిన గుట్ట మీద రాజలింగు గాని, వాడి వారసులు గాని, వాడి పేరు చెప్పుకుని కంకర కంట్రాక్టరు గాని దావా వేసినా, ఒక్క సుత్తి దెబ్బ వేసినా, ఈ ఇల్లు ఆ రోజే వాడి చేయి దాటి నా మేనకోడలు అనసూర్యకు పోతుంది. గడిచిన దసరా నాడు వాడు నా ఎదుట కూర్చుని, "గుట్ట నాకు రాసియ్యే అన్నా, కంకర కొట్టిపిస్త. నీ గద్దలకు ఫికర్ ఎందుకు, ఇంకో గుట్ట మీద బతుకుతయ్ తీ" అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు పెద్దలు. వాడికి ఆ రోజు చాయ్ పోసి పంపించాను. ఇదే జవాబు.

3. చౌరస్తా దగ్గరి గరుడ ఫొటో స్టూడియోను, అందులోని తెరలు, కుర్చీలు, పెద్ద కెమెరా, చీకటి గదిలోని సామాను, గాజు పలకల మీద ఉన్న నా బొమ్మలన్నిటితో సహా అనసూర్యకు రాసిస్తున్నాను. పన్నెండేండ్లుగా నలుపు తెలుపు బొమ్మలకు కుంచెతో రంగు అద్ది బతికిస్తున్నది ఆమే. పెండ్లికూతుళ్ల బుగ్గలకు ఆమె వేసే గులాబీ రంగు జర ఎక్కువని నేను నస పెట్టేవాణ్ణి. అది నా చాదస్తం. వేసుకోనీ.

బొమ్మలో పడని గద్దలను కూడా ఆమెకే ఇస్తున్నాను. వకీలు గారు ఇది చట్టం ముందు నిలవదన్నారు. నిలవకపోతే గాలిలో ఉంటుంది, అవి ఉండేదీ అక్కడే. యుద్ధం రోజుల్లో బొంబాయి నుంచి పలకలు రాక నాలుగేండ్లు ఉత్త చేతులతో తిరిగాను. ఎక్కువ చూసింది అప్పుడే. ఖిల్లా రాతి తోరణం మీద వాన వెలిసిన వేళ తడిసి కూర్చుని, రెక్కలను ఒక్కొక్క ఈకగా ఆరబెట్టుకున్న డేగ. పాకాల చెరువులో చేపను కాళ్లతో ఎత్తి, దాని తల ముందుకు తిప్పి పట్టుకుని, అటే చూస్తూ ఎగిరిపోయిన చేపల గద్ద. తొర్రూరు పత్తి చేల మీద కాళ్లు వేలాడేసుకుని గాలిలో ఒకేచోట నిలబడ్డ చిన్న తెల్ల గద్ద. దాన్ని చూస్తూ నేనూ ఊపిరి ఆపాను. అది దిగింది. నేను ఊపిరి తీసుకున్నాను. ఎనుమాముల పొలాల మీద ఒక మిట్టమధ్యాహ్నం రాబందులు పైకి, ఇంకా పైకి చుట్లు తిరుగుతూ ఒక్కొక్కటే ఆకాశంలో కలిసిపోతుంటే, గట్టు మీద వెల్లకిలా పడుకుని లెక్కపెట్టాను. ఇరవై ఆరు దగ్గర నిద్రపట్టింది. నిద్రలో కూడా అవి తిరుగుతూనే ఉన్నాయి, నేనూ వాటితో తిరిగాను. కింద గట్టు మీద ఎవరో పడుకుని ఉన్నారు. ఎవరా అని చూస్తే నేనే. లేచేసరికి పొద్దు వాలింది, ఆకాశం ఖాళీగా ఉంది, నాకు ఎందుకో చాలా సంతోషంగా ఉంది.

ఇవన్నీ అనసూర్యవి. రంగులు ఆమె ఇష్టం.

4. వర్ధన్నపేటకు పడమట, బండ్ల బాటకు ఆనుకుని, నా పేర పట్టా ఉన్న సాళువ గుట్టను, దాని మీది బండలు, పొదలు, జువ్వి చెట్టు, వాన నీళ్లు నిలిచే రాతి దొన్నెతో సహా, ఆ గుట్ట కింద గుడిసెలో ఉంటూ మేకలు మేపుకునే యాకమ్మకు, ఆమె తరువాత ఆమె ఎవరికి ఇస్తే వారికి, సర్వ హక్కులతో రాసిస్తున్నాను.

కుందేళ్లను తన్నుకుపోయే పెద్ద గద్దను పాత వేటగాళ్లు కుందేలు సాళువ అంటారు. దాని జంట ఒకటి ఆ గుట్ట అంచున గూడు కట్టేది గనుక గుట్టకు ఆ పేరు. ఎవరికీ అక్కరలేని రాళ్లను నేను కొన్నప్పుడు గిర్మాజీపేట అంతా నవ్వింది. నా భార్య రాజవ్వ మాత్రం నవ్వలేదు. "సుట్టాల పెండ్లికి పిలిస్తే రానోనివి, గద్ద పిలువకున్నా పోతవు" అని సద్ది కట్టి ఇచ్చింది.

గుట్టను ఎప్పుడూ పగలగొట్టరాదని యాకమ్మకు కూడా ఒక షరతు పెట్టమని కిషన్ రావు గారు సలహా ఇచ్చారు. పెట్టను. ఎందుకు పెట్టనో తెలియాలంటే అయిదో అంశం వినాలి.

5. ఇది ఆస్తి కాదు. అయినా నా తరువాత మిగిలేది ఇదే కనుక రాస్తున్నాను.

వరంగల్‌లో నా పేరు తెలిసిన ప్రతి ఇంట్లో నేను తీసిన ఒక బొమ్మ ఉంది. గూటిలో తెల్లటి నూగుతో చిన్న పిల్ల. దాని మీద తల్లి సాళువ రెండు రెక్కలూ సగం విప్పి నిలబడి ఉంటుంది. హైదరాబాదు ప్రదర్శనలో దానికి వెండి పతకం వచ్చింది. దానికి "తల్లి దీవెన" అని పేరు పెట్టాను. దేవుడి పటాల పక్కన తగిలించి కుంకుమ బొట్టు పెట్టినవారున్నారు. కడుపుతో ఉన్న కోడలి గదిలో పటం కట్టించి పెట్టినవారున్నారు.

అది దీవెన కాదు.

భావ నామ సంవత్సరం, శివరాత్రి వెళ్లిన మూడో రోజు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ ఏడు నిజంగానే పోయింది, రాళ్లు పొద్దున్నుంచే కాలుతున్నాయి. గూటికి ఎదురుగా బండ పగులులో, మగ్గం గుంటలో కూర్చున్నట్టే కాళ్లు దించుకుని, గుడ్డ కప్పుకుని కూర్చున్నాను. కెమెరా వెనకాల అద్దంలో చూస్తే పిల్ల ఒంటి మీద అంతా మచ్చలు. గూటి మీదికి వాలిన జువ్వి కొమ్మ నీడ అది. స్టూడియోలో పెండ్లికూతురి మొహం మీద ముంగురులు పడితే వేలితో పక్కకు జరిపేవాణ్ణి. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. వెలుతురుతో బతికేవాడికి నీడ ఎప్పుడూ అడ్డంగానే కనబడుతుంది.

మేకల వెంట వచ్చిన యాకమ్మ నా చేతిలో గొడ్డలి చూసి అక్కడే నిలబడింది. "కొమ్మ కొట్టకే అన్నా. ఆ పిల్లకు గదే ఇల్లు" అన్నది. గూడు మొదలు చూపించినదీ ఆమే. నాకు వెలుతురు గురించి మేకలు మేపే మనిషి చెప్పడమేమిటనుకున్నాను. కొట్టాను.

తల్లి వచ్చింది. కొమ్మ ఉండే చోటు వైపు ఒకసారి చూసింది. తరువాత పొద్దుకు వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి, పిల్ల మీద నిలబడింది. బొమ్మ పట్టే రబ్బరు బుడ్డి నొక్కాను. ఆ రోజు ఆరు పలకలు తీశాను. పొద్దు జరిగిన కొద్దీ ఆమె కూడా జరిగింది, మా ఇంటి బావి దగ్గరి పొద్దుతిరుగుడు పువ్వులాగ. నోరు తెరిచి ఒగరుస్తోంది. రెక్కలు మాత్రం దించలేదు. నేను సంతోషంగా పలకలు మార్చుకుంటూ కూర్చున్నాను. రెండో రోజూ అంతే. మగపక్షి కుందేలుతో రెండుసార్లు పైనే తిరిగి, గుడ్డ కదలడం చూసి దిగకుండానే పోయింది. మూడో రోజు మధ్యాహ్నం ఆకలికి ఆగలేక తల్లి ఎగిరింది. ఆమె తిరిగి వచ్చేసరికి పిల్ల మెడ వాల్చేసింది.

తల్లి మళ్లీ రెక్కలు విప్పి దాని మీద నిలబడింది. పొద్దు గూకేదాకా నిలబడింది. అప్పుడు నా దగ్గర పలకలు లేవు. ఉంటే తీసేవాణ్ణేమో. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

యాకమ్మ బండెక్కి వచ్చి గూటిని చూసింది, నన్ను చూసింది. "నువ్వు కొట్టిన కొమ్మ అది తానై నిలవడ్డదే అన్నా" అన్నది. అంతే. ఊళ్లో అందరికీ పిల్ల రెక్కలొచ్చి ఎగిరిపోయిందని చెప్పాను. పదకొండేండ్లు ఆ అబద్ధంతో బతికాను. ఆమె ఎవరికీ చెప్పలేదు. మరుసటేడు సాళువలు రాలేదు. ఆ తరువాతా రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, జువ్వి మోడుకు నీళ్లు పోయడం మొదలుపెట్టాను. నెలకొకసారి పోయేవాణ్ణి. నేను పోసిన బిందెడు నీళ్లకే చిగురు వచ్చిందని చాలాకాలం మురిశాను. ఎండాకాలం దొన్నె ఎండిపోయాక రోజూ కింది వాగునుంచి కడవ మోసింది యాకమ్మ అని నాలుగేండ్లకు గాని తెలియలేదు. ఇంకో సంగతి తెలియడానికి మరో రెండేండ్లు పట్టింది. జువ్వి చిగురంటే మేకలకు ప్రాణం. ఆ రోజునుంచి ఆమె ఆ గుట్ట మీదికి ఒక్క మేకను ఎక్కనివ్వలేదు. ఇంటి ముందరి మేతను వదిలేసి, రెండు కోసుల దూరం తోలుకుపోయింది. అడిగితే, "నువ్వంటే ఫొటువ తీస్కోని పోయినవు. నేను గీడనే ఉండాలె గద" అన్నది.

షరతు ఎవరికి పెట్టాలి, కిషన్ రావు గారూ?

6. పైన చెప్పిన బొమ్మ గాజు పలకను పగలగొట్టాలని రెండుసార్లు రాయి ఎత్తాను. పగిలితే నా తప్పు కూడా దానితో పోతుంది గనుక దించేశాను. అనసూర్య ఆ పలకను భద్రంగా ఉంచాలి. ఇకమీద ఎవరు నకలు అడిగినా "తల్లి దీవెన" అనే పేరు తీసేసి, కింద ఈ మాటలు రాసి ఇవ్వాలి: "ఈ తల్లి తన పిల్లకు నీడ పడుతోంది. చెట్టు నీడను ఫొటో తీసినవాడు నరికేశాడు. మూడో రోజు పిల్ల చచ్చిపోయింది. ఆడెపు సిద్దిరాములు." ఇప్పటికే గోడల మీద ఉన్నవాటికి నేనేమీ చేయలేను. కుంకుమ పెడితే ఆ తల్లికే పెడుతున్నారు, నాకు కాదు.

7. వెండి పతకాన్ని యాకమ్మ మందలో ముందు నడిచే మేక మెడకు గంట పక్కన కట్టాలి. ఆమె అమ్ముకుంటానన్నా సరే. నా మెడకు అది ఎప్పుడూ బరువే.

8. నా శవం గురించి. చచ్చినవాడికి కొత్త గుడ్డ కప్పడం మన ఆచారం. రాజలింగు మంచి పంచెల చాపు తెస్తాడు, వాడు అందులో లోటు చేయడు. వద్దు. సందూకులో కింద మడతపెట్టి ఉన్న బూడిదరంగు ముతక గుడ్డ కప్పండి. నేను గద్దల కోసం కప్పుకున్నది అదే. రాజవ్వ ఒకేసారి గుట్టకు వచ్చింది. వచ్చి, ఒక రాతిపెచ్చు కొంగున కట్టుకుపోయింది. దాన్ని మగ్గం పక్కన పెట్టుకుని, కరక్కాయ నీళ్లలో తుప్పు వేసి నానబెట్టి, నూలుకు ఆ రాతి రంగు వచ్చేదాకా నాలుగుసార్లు ముంచి, నేసింది. ఆమె పోయి ఆరేండ్లయింది. అందులో ఇప్పటికీ గంజి వాసన ఉంది. అది కప్పుకుని కదలకుండా కూర్చుంటే ఏ పక్షికీ నేను కనబడలేదు. యమధర్మరాజుకు కనబడతానేమో చూద్దాం.

9. చివరిది. ఇది ఎవరికీ రాసివ్వడం లేదు.

పోయిన పక్షంలో యాకమ్మ మేకలను పక్కింటివారికి అప్పజెప్పి, తొలిసారిగా చౌరస్తాకు, నా స్టూడియోకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "వచ్చినయే అన్నా. రెండూ వచ్చినయ్. పిల్ల సుత ఉన్నది" అన్నది. డాక్టరు మెట్లు కూడా ఎక్కవద్దన్నాడు. గుట్ట సంగతి చెప్పలేదు కదా అనుకుని పోయాను. వర్ధన్నపేట దాకా బస్సు, అక్కడినుంచి బండి, అక్కడినుంచి యాకమ్మ భుజం. మూడుచోట్ల ఆగాను. ఆగినప్పుడల్లా ఆమె నావైపు చూడకుండా దూరంగా ఏదో ఉన్నట్టు అటు చూస్తూ నిలబడింది. నా ఆయాసానికి సిగ్గు లేకుండా చేసింది.

పగులులో కాళ్లు దించుకుని, రాజవ్వ గుడ్డ కప్పుకుని కూర్చున్నాను. అలవాటుకొద్దీ చిన్న కెమెరా తెచ్చాను. వెనకాల అద్దంలో చూశాను. అందులో లోకం ఎప్పుడూ తలకిందులుగానే కనబడుతుంది. గుట్ట పైనుంచి వేలాడుతోంది, ఆకాశం కింద చెరువులా నిండి ఉంది. ఆ చెరువు ఒడ్డున గూడు. నేను ఏ లోకంలో ఉన్నానో నాకు కొంతసేపు తెలియలేదు. గాలి వచ్చింది. జువ్వి కొమ్మ కదిలింది. పదకొండేండ్లలో అది నా తొడంత లావైంది. పిల్ల ఒంటి మీద ఆకుల నీడలు అటూ ఇటూ పోతున్నాయి. ఆ మచ్చల్లోనే అది పడుకుని ఉంది.

తల్లి రెండు బారల దూరంలో, బండ మీద, ఒంటికాలి మీద నిలిచి ఉంది. కళ్లు మూసుకుంది. రెక్కలు ముడుచుకుని ఉంది.

ఫొటో తీయడానికి అక్కడ ఏమీ లేదు. కెమెరాలో పలక పెట్టలేదు. పొద్దు వాలేదాకా చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక్కసారి కూడా రెక్క విప్పలేదు.

ఇందులోని అంశాలన్నీ నేను చదువుకుని, ఒప్పుకుని, నా ఇష్టంతో చేవ్రాలు చేసినాను.

పార్థివ నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ ఏకాదశి, గురువారం, అనగా 1946 మార్చి 14వ తేదీ, వరంగల్.

(చేవ్రాలు) ఆడెపు సిద్దిరాములు

సాక్షులు:
1. రాంచందర్, కంపౌండరు, మట్టెవాడ
2. రాయమల్లు, బండి తోలువాడు, వర్ధన్నపేట (వేలిముద్ర)

గమనిక: ఆస్తి పొందేవారు సాక్షిగా ఉండరాదని వకీలు గారు చెప్పినందువల్ల, నేను చేసిన పనిని మొదటినుంచి చివరిదాకా కళ్లారా చూసిన యాకమ్మ వేలిముద్ర ఇక్కడ వేయించలేదు.